ఏడో నంబరు నొప్పి

నా పన్నునొప్పిని ఇంకొక మనిషి పడుతుంటే నేను మొదటిసారి చూసింది గుమ్మలవలస ఆరోగ్య కేంద్రం మేడ మీద, టిఫిను గిన్నెలు సర్దుతుండగా.

ఆ అమ్మాయి డాక్టర్ నిమ్మక సుగుణ. కొండ మీది ఊళ్ళ నుంచే చదువుకుని పైకొచ్చి, మళ్ళీ అక్కడికే డాక్టరుగా వెళ్ళింది. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఎడమ చెవి కింద బొట్టుబిళ్ళకంటే కాస్త పెద్దదైన బిళ్ళ ఒకటి అతికించుకుంది. మావారు మీట నొక్కారు. ముందు ఆమె కళ్ళు చిన్నవయ్యాయి. తరవాత ఎడమ చెయ్యి దానంతట అదే లేచి దవడకు ఆనింది. అరచెయ్యి కాదు, వేళ్ళ వెనకవైపు. అరచెయ్యి వేడిగా ఉంటుంది, వేళ్ళ వెనకవైపు చల్లగా ఉంటుంది. అది నేను నా నొప్పితో వేగుతూ కనిపెట్టుకున్న సంగతి. ఎవరికీ చెప్పలేదు.

"ఎక్కడ?" అని అడిగారు మావారు.

"కింద, ఎడమవైపు సర్. చివరి నుంచి రెండోది."

"ఎలా ఉంది?"

"సలుపుతోంది. గుండె అక్కడికొచ్చి కొట్టుకుంటున్నట్టుంది."

"అంటే?"

"లోపల నరం వాచింది. మాత్రతో లొంగదు. తిమ్మిరి సూది ఇచ్చి, పన్ను తెరిచి ఒత్తిడి తియ్యాలి. లేదా పన్నే తీసెయ్యాలి." చెబుతూనే ఉంది, కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

తొమ్మిది నిమిషాలు అలా కూర్చుంది. ఉన్నట్టుండి ఆమె భుజాలు కిందికి దిగాయి. "హమ్మయ్య. పోయింది సర్," అని నవ్వింది. శిక్షణకు వచ్చిన మిగిలిన పంతొమ్మిది మంది డాక్టర్లు చప్పట్లు కొట్టారు. అది అక్కడి అలవాటు. ప్రతి నొప్పికీ చివర పోయింది అనగానే చప్పట్లు.

"ఎవరిది సర్ ఇది? పాపం," అంది సుగుణ, బిళ్ళ ఊడదీస్తూ.

"ఏడో నంబరు," అన్నారు మావారు. నావైపు చూడలేదు.

మావారు శశిభూషణ్ పళ్ళ డాక్టరు. విజయనగరంలో పదిహేనేళ్ళు ఆస్పత్రి నడిపారు. కొండల నుంచి దిగి వచ్చేవాళ్ళను చూసీ చూసీ ఆయనకు ఒక బెంగ పట్టుకుంది. ఆ ఊళ్ళలో పళ్ళ డాక్టరు ఉండడు. దవడ పట్టుకుని ఆరోగ్య కేంద్రానికి వెళ్తే అక్కడి డాక్టరు జ్వరాలూ కాన్పులూ చూడగలడు గానీ, పళ్ళ గురించి కాలేజీలో నేర్చుకున్నది నాలుగు పేజీలు. నొప్పి మాత్ర ఇచ్చి, "పట్నం వెళ్ళి చూపించుకో" అంటాడు. పట్నం వెళ్ళేలోగా పుచ్చవలసిందంతా పుచ్చిపోతుంది.

"చెప్పేవాడికి చెప్పడం రాదు, వినేవాడికి వినడం రాదు. మధ్యలో సగం నొప్పి ఒలికిపోతుంది హైమా," అనేవారు భోజనం దగ్గర. ఆ ఒలికిపోయే సగాన్ని పట్టడానికే ఆ యంత్రం చేశారు. ఒక బిళ్ళ రోగి చెవి కింద, ఇంకొకటి డాక్టరు చెవి కింద. రోగి నొప్పిలో పావు వంతు డాక్టరు దవడలోకి వస్తుంది. ఏ పన్నో వెతుక్కోనక్కర్లేదు, తన నోట్లోనే తెలుస్తుంది. పక్కన ఉండే చిన్న తెర మీద నొప్పి గీత పైకీ కిందికీ కదులుతుంది. పాఠాల కోసం పన్నెండు నొప్పులు దాచిపెట్టారు, పచ్చళ్ళు జాడీల్లో పెట్టినట్టు.

దానికి మారునొప్పి అని పేరు పెట్టింది నేను. మారుపేరు ఉన్నట్టు, మారుతల్లి ఉన్నట్టు. నొప్పుల్ని విడదీసి చెప్పిందీ నేనే. చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటుంది. కొరికితే పోటు. పడుకుంటే సలుపు. దవడ మొత్తం లాగేస్తే తీపు. ఆయన వాటినే తెర మీద ఎక్కించారు. "ఇన్ని మాటలున్నాయని నాకు తెలీదే," అన్నారు. పదిహేనేళ్ళు జనం ఆయన కుర్చీలో కూర్చుని ఆ మాటలే చెప్పి ఉంటారు.

మూడేళ్ళ క్రితం నా పన్ను సలపడం మొదలైనప్పుడు ఆ యంత్రం మా భోజనాల బల్ల మీదే ఉండేది. ఆయన చూసి, "నరం దాకా వెళ్ళింది. రేపు తెరుద్దాం," అన్నారు. మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతూ ఆగారు.

"హైమా, మొదటి నుంచి చివరిదాకా ఒక్క నొప్పి కూడా నా దగ్గర లేదు. అందరూ మధ్యలో వస్తారు, మాత్రలు మింగేసి వస్తారు. గీత పాడైపోతుంది." కప్పు కింద పెట్టారు. "ఇంకో రెండు రోజులు ఓర్చుకుంటావా?"

ఒప్పుకున్నది నేనే. బలవంతమేమీ లేదు. రెండు రోజులు అయ్యాక ఇంకో రెండు రోజులన్నారు. చెవి కింద బిళ్ళతోనే పప్పు తాలింపు పెట్టాను, బట్టలు ఆరేశాను, పక్కింటి పేరంటానికి వెళ్ళాను. పొయ్యి దగ్గర నిలబడి వేళ్ళ వెనకవైపు దవడకు ఆనించుకునేదాన్ని. ఆయన సాయంత్రం వచ్చి ముందు గీత చూసేవారు, తరవాత నన్ను చూసేవారు. "అద్భుతంగా వస్తోంది," అనేవారు.

పదో రోజు పొద్దున్న లేచేసరికి నొప్పి లేదు. దిండు కింద మరిచిపోయిన వస్తువులా ఎక్కడో జారిపోయింది. నేను సంతోషంగా ఇడ్లీలు వేశాను. ఆయన తెర చూసి, "సున్నా. నరం చచ్చిపోయింది. ఇంక ఇందులో రికార్డు చెయ్యడానికి ఏమీ లేదు," అని బిళ్ళ తీసేశారు. ఆ తొమ్మిది రోజుల గీత రాసుకున్న కాగితాలు తీసుకుని ఆస్పత్రికి వెళ్ళిపోయారు. పన్ను సంగతి తీరిగ్గా చూడొచ్చన్నారు.

ఇడ్లీ నేను తినలేకపోయాను. నోరు తెరుచుకోలేదు. మధ్యాహ్నానికి గడ్డం కింద చెక్కలా బిగిసింది. ఉమ్ము మింగుడుపడక చెంగుతో తుడుచుకుంటున్నాను. నొప్పి మాత్రం లేదు, అందుకని నేనూ ఆయనకు ఫోన్ చెయ్యలేదు. సాయంత్రం ఆయన వచ్చి నా గొంతు విని బ్యాగు అక్కడే పడేశారు. చచ్చిన పన్నులోంచి చీము కిందికి దిగి గొంతు మూసేస్తోందని విశాఖపట్నం పెద్దాసుపత్రిలో గడ్డం కింద కోసి తీశారు. అయిదు రోజులు గొంతులో గొట్టం పెట్టారు.

అప్పటి నుంచి చెంగు ఎడమవైపు కాస్త పైకి లాగి పిన్ను పెట్టుకుంటున్నాను. మచ్చ కనపడదు. మేమిద్దరం ఆ రోజు గురించి మాట్లాడుకోలేదు. ఆయన తొమ్మిది రోజుల గీతను తొమ్మిది నిమిషాలకు కుదించి, ఏడో నంబరు వేసి జాడీలో పెట్టారు. ఎన్నడూ తన చెవి కింద పెట్టుకుని చూడలేదు. నాకు తెలుసు. ఆ బిళ్ళలు తుడిచి డబ్బాలో సర్దేది నేనే.

గుమ్మలవలసలో శిక్షణ నాలుగు రోజులు. అది బాగా జరిగితే మూడు వందల ఆరోగ్య కేంద్రాలకు యంత్రం వెళ్తుందని పై అధికారులు చెప్పారు. సాయం చెయ్యడానికి మనుషులు లేక నేనూ వెళ్ళాను. రోగుల పేర్లు రాయడం, టిఫిన్లు చూడడం నా పని.

రెండో రోజు తిమ్మిరి సూది నేర్పడానికి మేక దవడలు తెప్పించారు. డాక్టర్లందరూ వరసగా నిలబడి మేక దవడల్లోకి సూదులు దించుతుంటే కేంద్రం వాచ్‌మన్ అప్పలస్వామి గుమ్మంలోంచి చూసి తల పట్టుకున్నాడు.

"ఏటి బాబూ ఇది! సచ్చిన మేకకి నొప్పి తెలకుండా సూదెందుకు?" అన్నాడు. "తలకాయ కూర చేయించీవలసింది, అందరం తినీవోళ్ళం."

ఊడిపోయిన పన్నును వేరు పట్టుకోకుండా పైభాగం పట్టుకుని పాలలో వెయ్యడం, పన్ను తీసిన చోట నెత్తురు ఆగకపోతే గుడ్డ మడిచి గట్టిగా కరిపించడం, అన్నీ నేర్చుకున్నారు. మధ్యాహ్నం సుగుణ నా పక్కన కూర్చుని అన్నం తింటూ ఆగి, "మేడమ్, ఒక వింత చూశారా?" అంది. "నా పళ్ళు శుభ్రంగా ఉన్నాయి. అయినా నిన్నటి నుంచి కుడివైపే నములుతున్నాను."

నేనూ కుడివైపే నములుతున్నాను. మూడేళ్ళుగా. ఆ మాట నోటిదాకా వచ్చింది. చారు వెయ్యనా అని అడిగి ఊరుకున్నాను.

మూడో రోజు కింద వరండాలో నిజమైన రోగులను చూశారు. పొద్దున్నుంచే దవడలకు తువ్వాళ్ళు కట్టుకున్నవాళ్ళు బారులు తీరారు. మావారు పెట్టిన నియమం గోడకు అంటించి ఉంది. బిళ్ళ పెట్టాలి, తెర మీద నొప్పి పదికి ఎంతో అంకె చూడాలి. ఏడు దాటితే వెంటనే సూది. మూడు నుంచి ఏడు అయితే పన్ను తెరవడం. మూడు లోపు అయినా, సున్నా అయినా మాత్రలిచ్చి ఇంటికి. ఎవరికీ అభ్యంతరం లేదు. పన్నెండయ్యేసరికి పద్దెనిమిది మందిని చూశారు. ఒకాయన సూది పడగానే సుగుణకు రెండు చేతులా దణ్ణం పెట్టి, "నాకన్నా ముందు నువ్వే కన్నీళ్ళెట్టీసేవు తల్లీ," అన్నాడు.

పంతొమ్మిదో మనిషి పోలమ్మ. నలభై అయిదేళ్ళుంటాయి. కొండచీపుర్లు కట్టి సంతలో అమ్ముతుంది. కూతురు సూరీడమ్మ ఆమెను రెక్క పట్టుకుని లాక్కొచ్చింది.

"నాకేటీ నేదు డాట్రమ్మా. ఈ గుంటే ఈడ్సుకొచ్చినాది," అంది పోలమ్మ. "వారం రోజులు సంపీసినాది పన్ను. నిన్నటేల నుంచి నొప్పి పోనాది. పైడితల్లి అమ్మోరే తీసీసినాది."

"తీసీస్తే తిండెందుకు తిన్నేదు?" అంది సూరీడమ్మ.

"నోరు ముయ్యే. గంజి తాగినాను కదా."

సుగుణ ఆమె చెవి కింద ఒక బిళ్ళ, తన చెవి కింద ఒక బిళ్ళ పెట్టింది. అందరూ తెర చూశారు. గీత నేలమట్టంగా ఉంది. సుగుణ కళ్ళు మూసుకుని కాసేపు వెతికింది. తరవాత నవ్వింది.

"నిజమేనమ్మా. ఏమీ లేదు. పోయింది," అంది. వెనక ఎవరో అలవాటుగా చప్పట్లు కొట్టారు. మావారు నియమం ప్రకారం తల ఊపారు. సుగుణ మాత్రల చీటీ రాయడం మొదలుపెట్టింది.

నేను పుస్తకంలో పేరు రాసి, నొప్పి అన్న గడిలో సున్నా వెయ్యబోయి ఆగాను. పోలమ్మ గొంతు నాకు నచ్చలేదు. వేడి ముద్ద నోట్లో పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంది. అప్పలస్వామి అందరితో పాటు ఇచ్చిన టీ ఆమె పక్కనే చల్లారి మీగడ కట్టింది. మాటిమాటికీ చెంగుతో పెదవుల చివర అద్దుకుంటోంది. రొంటిన చుట్టల కట్ట ఉంది, దారం విప్పలేదు.

ఆ వైపు ఆడవాళ్ళు అడ్డపొగ తాగుతారు. చుట్టకు నిప్పు అంటించి, మండే కొసను నోటి లోపల పెట్టుకుంటారు. చేతులు ఖాళీగా ఉంటాయి, పని చేసుకోవచ్చు. పొద్దున్నుంచి వచ్చిన పెద్ద వయసు ఆడవాళ్ళందరూ గేటు బయట ఒకటి కాల్చి మరీ లోపలికి వచ్చారు.

"పోలమ్మా, ఇవాళ చుట్ట కాల్చలేదా?" అని అడిగాను.

ఆమె సగం నోటితో నవ్వింది. "ఎక్కడమ్మా! నిప్పు నోపలెట్టాలంతే నోరు తెరుసుకోవాల కదా. రొండునాళ్ళయినాది. చుట్ట లేపోతే నాకు ఊపిరాడదు. రేత్రంతా కూకునే ఉన్నాను."

నా చేతిలో పెన్ను పుస్తకం మీద పెట్టేశాను.

"సుగుణా, ఆవిడను నోరు తెరవమను. నీ వేళ్ళు రెండు పెట్టి చూడు."

సుగుణ నావైపు వింతగా చూసింది గానీ వెళ్ళి చూసింది. రెండు వేళ్ళు పట్టలేదు. ఒక్కటి పట్టింది. నాలుక అడుగు నుంచి ఎత్తుకొచ్చి ఉంది.

"గడ్డం కింద చెయ్యి పెట్టు," అన్నాను.

"హైమా," అన్నారు మావారు, మెల్లగా. అందరి ముందూ నన్ను ఆపవలసి రావడం ఆయనకు ఇబ్బందిగా ఉంది. "గీత చూడు. సున్నా."

"చూశాను. నాదీ సున్నాయే కదండీ మీరు చూసింది."

సుగుణ వేళ్ళు పోలమ్మ గడ్డం కిందే ఉన్నాయి. "గట్టిగా ఉంది," అంది. "చెక్కలా ఉంది మేడమ్." చెబుతూ నా చేతి వైపు చూసింది. నేను తెలియకుండానే వేళ్ళ వెనకవైపు నా ఎడమ దవడకు ఆనించుకుని ఉన్నాను. ఆమె చూపు అక్కడే నిలిచిపోయింది.

"ఏడో నంబరు మీరా?"

"నేనే. నువ్వు చూసింది తొమ్మిది రోజులే. పదో రోజు ఇదీ." చెంగు పిన్ను తీసి మచ్చ చూపించాను.

ఆ తరవాత అందరికన్నా ముందు కదిలింది మావారే. ఆ సంగతి కూడా చెప్పాలి. వచ్చి పోలమ్మ చెవి కింది బిళ్ళ పీకి పారేసి, గడ్డం ఒక్కసారి తడిమారు. ఆయన మొహంలో రంగు మారింది.

"పడుకోబెట్టకండి! కూర్చోబెట్టే ఉంచండి. సెలైను పెట్టి మందు ఎక్కించండి. నూట ఎనిమిదిని పిలవండి. పార్వతీపురం ఆస్పత్రికి ఫోన్ చేసి గొంతులో గొట్టం వెయ్యడానికి సిద్ధంగా ఉండమనండి."

పోలమ్మ మా అందరినీ చూసి, "నొప్పే నేదంతే ఇంత గోలేటి!" అంది. సూరీడమ్మ ఏడుపు మొదలుపెట్టింది. సుగుణ పోలమ్మతో పాటు అంబులెన్సు ఎక్కింది. ఎక్కుతూ చెవి కింద ఇంకా అతుక్కుని ఉన్న బిళ్ళను తీసి నా చేతిలో పెట్టింది.

సాయంత్రం నాలుగింటికి ఫోన్ వచ్చింది. గడ్డం కింద కోసి చీము తీశారట. గొట్టంతో ఊపిరి ఆడుతోందట, బతుకుతుందట. "దారిలో కొండ దిగుతుండగా ఒకసారి ఊపిరి అందలేదు మేడమ్," అంది సుగుణ. "ముందుకు వంచి పట్టుకుని కూర్చున్నాను. ఇక్కడి డాక్టరు గారు, పళ్ళ కేసును ఇంత పెందరాళే కనిపెట్టింది ఎవరని అడిగారు. చుట్ట అని చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు."

మావారు ఆ సాయంత్రం గోడ మీది నియమం చింపి తీసేశారు.

నాలుగో రోజు పొద్దున్న డాక్టర్లు రాకముందే నేను టిఫిను గిన్నెలతో మేడ ఎక్కాను. కిటికీ పక్క కుర్చీలో మావారు కూర్చుని ఉన్నారు. చెవి కింద బిళ్ళ ఉంది. తెర మీద ఏడో నంబరు ఉంది. నొప్పిని తగ్గించి పెంచే బటను ఎంత మీద పెట్టారోనని చూశాను. పావు వంతు కాదు, పూర్తిగా తిప్పేశారు.

ఆయన నుదుటి మీద చెమట ముత్యాల్లా పట్టింది. ఎడమ చెయ్యి లేచి దవడకు ఆనింది. వేళ్ళ వెనకవైపు. నేను గిన్నెలు కింద పెట్టి ఎదురు కుర్చీలో కూర్చున్నాను. మీట నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఆపెయ్యొచ్చు. ఆపలేదు.

"దీంతో వంట చేశావా?" అన్నారు, పళ్ళ మధ్య నుంచి.

"పేరంటానికి కూడా వెళ్ళాను."

"ఎలా ఓర్చుకున్నావు హైమా?"

"మీరు అడిగారు కదా."

కుర్చీ చెయ్యి పట్టుకున్న ఆయన వేళ్ళు తెల్లగా పాలిపోయాయి. కింద అప్పలస్వామి వరండా కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. అయిదు, ఆరు, ఏడు నిమిషాలు. గీత పైకి ఎక్కిన చోట ఆయన ఒకసారి మూలిగారు. నేను ఆ చోటు గుర్తుపట్టాను. అది ఎనిమిదో రోజు, బట్టలు ఆరేస్తున్నప్పుడు.

తొమ్మిదో నిమిషం అయిపోయింది. గీత నేలకు దిగింది. ఆయన భుజాలు కిందికి జారాయి. కళ్ళు తెరిచారు. మొహం చిన్నపిల్లవాడి మొహంలా తేటపడింది.

"హమ్మయ్య," అన్నారు. "పోయింది."

అన్నాక ఆ మాట ఆయనకే వినిపించింది. పెదవుల మీది నవ్వు అక్కడే ఆగిపోయింది.

మెట్ల మీద డాక్టర్ల చెప్పుల చప్పుడు మొదలైంది. సుగుణ గొంతు కూడా వినిపించింది, పార్వతీపురం నుంచి తెల్లారగానే వచ్చేసినట్టుంది. నేను చెంగు పిన్ను తీసి గిన్నె మూత మీద పెట్టాను. ఆయన చెయ్యి తీసుకుని నా గడ్డం కింద, మచ్చ మీద ఉంచాను. మూడేళ్ళలో ఆ చెయ్యి అక్కడికి రావడం అదే మొదటిసారి.

"ఇవాళ పాఠం ఇక్కడ మొదలుపెట్టండి," అన్నాను.